రేవు ఊళ్లలో లిఫ్ట్, ఫెర్రీ, టెంట్: అపోహలు - వాస్తవాలు

లిఫ్ట్ అడుగుతూ, ఫెర్రీలు (మనుషులతోపాటు కార్లనూ దాటించే ఓడలు) ఎక్కుతూ, రాత్రికి టెంట్ వేసుకుంటూ తిరగడం నాకు చాలా ఏళ్ల అలవాటు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగే ప్రశ్నల్లో సగం రేవు పట్టణాల గురించే ఉంటాయి. అక్కడ డబ్బు మిగిలేదీ పోయేదీ చాలావరకు ఓడ ఒడ్డుకు చేరకముందే తేలిపోతుంది. ఈ సంగతి తెలియక ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

అపోహ: ఓడలోంచి వందల కార్లు దిగుతాయి. గేటు బయట నిలబడితే లిఫ్ట్ దొరికి తీరుతుంది.

వాస్తవం: చాలా కష్టం. కార్లన్నీ ఒకేసారి బారులు తీరి వస్తాయి. వెనక బండి తరుముతుంటే ఎవరూ బ్రేక్ వేయరు. కాసేపటికే రోడ్డు ఖాళీ అయిపోతుంది, మళ్లీ ఇంకో ఓడ వచ్చేదాకా ఎదురుచూపే. ఓడలు, రేవుల భద్రత కోసం తెచ్చిన ఐఎస్‌పీఎస్ కోడ్ 2004 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందుకే అంతర్జాతీయ టెర్మినళ్ల చుట్టూ కంచెలు, తనిఖీలు ఉంటాయి. లోపల నిలబడి బండ్లు ఆపుతామంటే కుదరదు.

ఒకసారి అలాంటి గేటు ముందు వానలో మూడు గంటలు నిలబడ్డాను. ఓడలో నా పక్క టేబుల్ దగ్గర కూర్చున్న దంపతులే మర్నాడు నేను చేరిన ఊళ్లో కనిపించి, "నిన్ననే అడిగి ఉంటే తీసుకొచ్చేవాళ్లం కదా" అన్నారు. అప్పటినుంచి ఓడలోనే అడుగుతున్నాను. పెద్ద ఫెర్రీల్లో ప్రయాణం సాగుతున్నంతసేపూ కార్లు నిలిపే డెక్ (అంతస్తు) మూసే ఉంటుంది, కాబట్టి డ్రైవర్లంతా పైన క్యాంటీన్లోనో డెక్ మీదో ఉంటారు. ఒడ్డు దగ్గరపడుతుంటే బండ్ల దగ్గరికి వెళ్లమని మైకులో పిలుస్తారు. ఆ పిలుపుకు ముందే మన పని అయిపోవాలి. ఊరి పేరు రాసిన అట్టముక్కను బ్యాగుకు తగిలించుకుంటే కొందరు వాళ్లంతట వాళ్లే పలకరిస్తారు. అడిగేటప్పుడు "నన్ను తీసుకెళ్తారా?" అనకుండా "ఆ ఊరి వైపు వెళ్తున్నారా?" అని అడగండి. ఇష్టం లేనివాళ్లు మొహమాటపడకుండా తప్పుకోవచ్చు.

ఎక్కే ముందు నంబర్ ప్లేట్ ఫొటో ఇంట్లోవాళ్లకో స్నేహితులకో పంపండి. పాస్‌పోర్టు, డబ్బు ఉన్న చిన్న బ్యాగు డిక్కీలో పెట్టకండి, ఒళ్లోనే ఉంచుకోండి. మనసుకు ఏమాత్రం తేడాగా అనిపించినా ఎక్కొద్దు. ఒంటరిగా తిరిగే అమ్మాయిలకే కాదు, అందరికీ ఇదే చెబుతాను.

అపోహ: లారీ డ్రైవర్లయితే కాదనరు.

వాస్తవం: కాదనడానికి వాళ్లకు బలమైన కారణాలున్నాయి. కొన్ని కంపెనీలు బయటివాళ్లను ఎక్కించుకోనివ్వవు. ఫ్రాన్స్ రేవు కలే నుంచి బ్రిటన్ వెళ్లే దారిలోనైతే, లారీలో దొంగచాటుగా దాక్కున్నవాళ్లు ఎవరైనా దొరికితే డ్రైవర్‌కు ఒక్కో మనిషికి 10,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. 2023కు ముందు అది 2,000 పౌండ్లే. కొత్త మొహం చూస్తే వాళ్లకు టెన్షన్ రావడం సహజం. ఓడలో వాళ్లు నిద్రపోతుంటే లేపకండి, అది చట్టప్రకారం తీసుకోవాల్సిన విశ్రాంతి. యూరప్ నిబంధనల ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆగాలి. హైవే పక్కన వాళ్లు అలా ఆగినప్పుడు అడగడమే మర్యాద.

అపోహ: ఎవరి కారులోనో కూర్చుంటే ఫెర్రీ టికెట్ అక్కర్లేదు.

వాస్తవం: అది ఏ మార్గమన్న దాన్నిబట్టి ఉంటుంది. కొన్నిచోట్ల బండికే ధర, చాలాచోట్ల తలకింత. యూరోపియన్ యూనియన్‌లో 20 నాటికల్ మైళ్లు దాటే ప్రయాణాలకు ప్రతి ప్రయాణికుడి పేరూ నమోదు కావాలి. దాక్కుని వెళ్లడం మాత్రం వద్దే వద్దు. ఓడకు ప్రమాదం జరిగితే జాబితాలో లేని మనిషిని ఎవరూ వెతకరు.

నిజంగా ఉచితమైనవీ ఉన్నాయి. న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీకి 1997 నుంచి టికెట్ లేదు. ఫిన్లాండ్‌లో తుర్కు దగ్గరి దీవుల మధ్య తిరిగే పసుపు రంగు రోడ్డు ఫెర్రీలూ ఉచితమే. రాత్రంతా సాగే మార్గాల్లో క్యాబిన్ లేని డెక్ టికెట్ తీసుకుంటే ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. గాలి తగలని పక్క చూసుకుని, మంచి స్లీపింగ్ బ్యాగ్ ఉంటే చాలు.

అపోహ: సరుకు ఓడలో పనిచేసి ఊరికే వెళ్లొచ్చు.

వాస్తవం: ఆ రోజులు పోయాయి. నావికులకు శిక్షణ పత్రాలు తప్పనిసరి. సరుకు ఓడలో 12 మందికి మించి ప్రయాణికులూ ఉండకూడదు.

అపోహ: సముద్రతీరం అందరిదీ, ఎక్కడైనా టెంట్ వేసుకోవచ్చు.

వాస్తవం: చట్టం దేశానికో తీరు. నార్వేలో 1957 నాటి చట్టం ప్రకారం ఇళ్లకు 150 మీటర్ల దూరం పాటిస్తే సాగులో లేని భూమిలో టెంట్ వేయొచ్చు. స్కాట్లాండ్‌లో 2003 చట్టం ఆ హక్కు ఇచ్చింది. ఎస్టోనియాలో ప్రభుత్వ అటవీ సంస్థ ఉచిత క్యాంపింగ్ చోట్లు నడుపుతోంది. క్రొయేషియాలో మాత్రం జరిమానా పడుతుంది.

చట్టం ఒప్పుకున్నా సముద్రం ఒప్పుకోవాలి కదా. ఇసుక మీద నాచు, పుల్లలు వరసగా కనిపిస్తే, నీళ్లు అక్కడిదాకే వస్తాయనుకుని కొంచెం పైన టెంట్ వేస్తారు. అది మొన్నమొన్నటి పోటు గీత మాత్రమే. చాలా తీరాల్లో సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి పోటు వస్తుంది. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకట్రెండు రోజులు ఇంకా ఎత్తుకు లేస్తుంది. మధ్యధరా తీరంలో చాలాచోట్ల తేడా అంతగా తెలియదు గానీ, బ్రిటన్‌లోని బ్రిస్టల్ చానెల్‌లో పెద్ద పోటు 12 మీటర్లు దాటుతుంది. ఆటుపోట్ల పట్టిక చూడకుండా ఇసుక మీద పడుకోవద్దు.

ఇసుకలో టెంట్‌ను బిగించే మామూలు మేకులు నిలవవు. సంచిలో ఇసుక నింపి, తాడు కట్టి పాతిపెడితే గట్టిగా పట్టుకుంటుంది. పగలు సముద్రం నుంచి వీచే గాలి రాత్రికి నేల వైపు నుంచి తిరుగుతుంది, టెంట్ తలుపు దిశ దాన్నిబట్టి ఎంచుకోండి. గడ్డి మొలిచిన ఇసుక దిబ్బలను తొక్కకండి. ఆ గడ్డి వేర్లే దిబ్బను పట్టి ఉంచుతాయి.

ఇవన్నీ చూసుకోవాలంటే వెలుతురు కావాలి. అందుకే చీకటి పడ్డాక దిగే ఓడ అయితే, ఆ ఒక్క రాత్రికీ హాస్టల్‌లో మంచం ముందే బుక్ చేస్తాను. ఆఖరి ఓడ తర్వాత చాలా టెర్మినళ్లు మూసేస్తారు, అక్కడే పడుకోవచ్చన్న ఆశ పెట్టుకోను. పొద్దున్నే తీరమంతా నడిచి చూసి, రెండో రాత్రికి టెంట్ విప్పుతాను.