సొంత ప్రాసెసర్ అంటే భయపెట్టే అపోహలు

ఆదివారాలు విజయనగరంలో మా మేడమీద గదిలో ఇంజినీరింగ్ పిల్లలతో రిస్క్-ఫైవ్ (ఎవరైనా ఊరికే వాడుకోగల ఓపెన్ ఇన్‌స్ట్రక్షన్ల ప్రమాణం) ప్రాసెసర్లు కట్టిస్తుంటాను. ప్రతి బ్యాచ్‌కీ మళ్లీ మొదటినుంచి చెప్పాల్సొచ్చే సంగతులివి.

అపోహ: చిప్ ఫ్యాక్టరీ ఉంటేగాని కుదరదు.

పాత లాప్‌టాప్ చాలు. హార్డ్‌వేర్‌ని వర్ణించే వెరిలాగ్ భాషలో రాసి, వెరిలేటర్ అనే సిమ్యులేటర్‌లో నడపండి, అది ఉచితమే. తర్వాత ఎఫ్‌పీజీఏ బోర్డు, అంటే లోపలి సర్క్యూట్‌ని మనకు కావలసినట్టు మార్చుకోగల చిప్ ఉన్నది. టాంగ్ నానో 9కె అనే బోర్డులో 8640 లట్‌లు (చిన్న లాజిక్ గడులు) ఉంటాయి, చిన్న 32 బిట్ల కోర్ (ప్రాసెసర్ అసలు భాగం) రెండు వేల లోపే సర్దుకుంటుంది.

అపోహ: ఓపెన్ అన్నారు కాబట్టి డిజైన్ కూడా ఊరికే ఇస్తారు.

2010లో బర్క్‌లీలో పుట్టిన రిస్క్-ఫైవ్ చెప్పేది ఒక్కటే: ఏ బిట్ల వరుస వస్తే ఏ పని జరగాలి. లోపల ఎలా కట్టుకుంటామన్నది మన ఇష్టం. ఐఐటీ మద్రాస్ వాళ్లు శక్తి కోర్లను సోర్సుతో సహా బయటపెట్టారు. తమ కోర్ల సోర్సు చూపించని కంపెనీలూ ఉన్నాయి, అదీ నిబంధనల ప్రకారమే.

అపోహ: ఆర్‌వీ32ఐలో (రిస్క్-ఫైవ్ 32 బిట్ల మూల సెట్) 40 ఇన్‌స్ట్రక్షన్లేగా, వారంలో అయిపోతుంది.

రాయడం అవుతుంది. సరిగ్గా నడవడమే ఆలస్యం. మొన్న ఒకమ్మాయి కోర్‌లో ముందుకి దూకే బ్రాంచిలన్నీ (షరతు నిజమైతే వేరే చోటికి దూకే ఇన్‌స్ట్రక్షన్లు) బాగున్నాయి, లూప్ మాత్రం పాడవుతోంది. సిగ్నళ్లను గీతలుగా చూపే జీటీకేవేవ్‌లో చూస్తే పీసీ (ఇప్పుడు నడిచే ఇన్‌స్ట్రక్షన్ అడ్రస్) 24 నుంచి 16కి వెళ్లాల్సింది 17కి పోయింది! స్టోర్ (మెమరీలో రాసే) ఇన్‌స్ట్రక్షన్‌లో 7వ బిట్ ఆఫ్‌సెట్‌కి (ఎంత దూరమో చెప్పే అంకెకి) అట్టడుగు బిట్. బ్రాంచిలో అదే చోట ఆఫ్‌సెట్ 11వ బిట్ కూర్చుంటుంది. తను రెంటికీ స్టోర్‌ డీకోడే (బిట్లను విడదీసి చదివే పద్ధతి) వాడేసింది. దగ్గరలో ముందుకి దూకితే ఆ బిట్ సున్నా, అందుకే తప్పు దాక్కుంది. వెనక్కి దూకితే ఒకటి, అడ్రస్ బేసి అయిపోయింది. ఇలా బిట్లు అటూ ఇటూ చెల్లాచెదురుగా పెట్టారని పిల్లలు విసుక్కుంటారు గాని, గుర్తు (ప్లస్/మైనస్) బిట్ ఎప్పుడూ 31లోనే ఉండటం, మిగతావి వీలైనంత వరకు అన్ని రకాల ఇన్‌స్ట్రక్షన్లలోనూ ఒకే చోట ఉండటం వల్ల హార్డ్‌వేర్‌లో మల్టిప్లెక్సర్లు (పలు సిగ్నళ్లలో ఒకదాన్ని ఎంచుకునే సర్క్యూట్లు) తగ్గుతాయి. నాకది ఎంతో ఇష్టమైన పనితనం.

అపోహ: పైప్‌లైన్ (ఒక ఇన్‌స్ట్రక్షన్ పూర్తికాకముందే తర్వాతిది మొదలుపెట్టే పద్ధతి) లేనిది ప్రాసెసరే కాదు.

సెర్వ్ అనే కోర్ ఒక్కో బిట్ చొప్పున లెక్క చేస్తుంది. నిదానమే, అయినా ప్రాసెసరే. ముందు మల్టీసైకిల్‌ది (ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌ని కొన్ని క్లాకుల్లో పూర్తిచేసేది) కట్టండి.

వచ్చే ఆదివారం వచ్చేవాళ్లు వెనక్కి దూకే బ్రాంచిలు నాలుగు, 2048 బైట్లు దాటి ముందుకి దూకేది ఒకటి (అక్కడ 11వ బిట్ ఒకటవుతుంది) టెస్టులో రాసుకుని రండి.