కామన్ ఇంట్రెస్టులు లేకపోతే కాపురం కుదరనట్టేనా? దంపతుల సరదాలపై అపోహలు - వాస్తవాలు

దంపతులకు కౌన్సెలింగ్ చేయడం నా పని. గొడవలతో వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, వాళ్ల సంగతి వేరు. ఈ మధ్య ఇంకో రకం ఎక్కువయ్యారు. పక్కపక్కనే కూర్చుంటారు, ఒకరి మంచినీళ్ల బాటిల్ ఇంకొకరు తాగుతారు, మధ్యమధ్యలో నవ్వుకుంటారు కూడా. తీరా విషయం అడిగితే, "పెద్ద ప్రాబ్లమ్ ఏం లేదు మేడమ్, మాకు ఒక్క కామన్ ఇంట్రెస్ట్ కూడా లేదు, ముందు ముందు ఏమవుతుందోనని టెన్షన్" అంటారు. ఈ భయం ఎవరు పెట్టారంటే చుట్టాల పేరో, ఫ్రెండ్ పేరో, ఫోన్‌లో చూసిన వీడియో పేరో చెబుతారు. అలా భయపడేవాళ్ల మీద నాకు కోపం లేదు. భయపెట్టేవాళ్ల మీదే ఉంది.

అపోహ: ఇద్దరికీ ఒకే హాబీ ఉండాలి, లేకపోతే జంట నిలవదు.

కాదు. జంటలు విడిపోవడం నేను చూశాను, కానీ ఆయనకి చదరంగం, ఆవిడకి తోటపని కాబట్టి విడిపోయారన్నది ఇంతవరకూ చూడలేదు. నేను చూసే నష్టమంతా ఈ అపోహను నమ్మి, లేని ఇష్టాన్ని తెచ్చిపెట్టుకోవడం వల్ల వచ్చేదే. ఒక జంట సంగతి చెబుతాను, వివరాలు కాస్త మార్చాను. ఆవిడకి సైకిల్ తొక్కడం ప్రాణం. ఆయనకి ఇంట్లో కూర్చుని బొమ్మలు గీసుకోవడం ఇష్టం. కామన్ ఇంట్రెస్ట్ ఉండాలని ఎవరో చెప్పారట, ఆయనా ఓ సైకిల్ కొనేశారు. ప్రతి ఆదివారం ఇద్దరూ వెళ్లేవారు. "నేను రానంటే తను ఫీలవుతుందని వెళ్తున్నా" అని ఆయన నాతో విడిగా చెప్పారు. ఆవిడని విడిగా అడిగితే, "ఆయన మొహం చూస్తుంటే నాకు తొక్కాలనే అనిపించదు, కానీ వద్దంటే బాధపడతారు" అంది. ఆయన బొమ్మలు ఆగిపోయాయి, ఆవిడ సైకిల్ ఆనందం పోయింది, ఆదివారం అంటేనే ఇద్దరికీ నీరసం. ఇదంతా ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమతోనే!

దీనిమీద పరిశోధన కూడా ఉంది. 2002లో క్రాఫర్డ్ అనే పరిశోధకుడు, ఆయన సహ పరిశోధకులు కొన్ని జంటల్ని పదేళ్లపాటు గమనించి రాసిన పత్రం వచ్చింది. ఇష్టాలు కలిస్తే కాపురం బాగుంటుందన్న సంబంధం జనం అనుకున్నంత గట్టిగా ఏమీ కనిపించలేదు. పైగా భర్తకు మాత్రమే ఇష్టమైన కాలక్షేపాలకి తనూ వెళ్తూ వచ్చిన భార్యల్లో అసంతృప్తే కనిపించింది. అంటే 'కలిసి చేశాం' అన్న ఒక్కదానికి విలువ లేదు, చేస్తున్నప్పుడు ఇద్దరికీ ఎలా ఉందన్నదే లెక్క.

సైకిల్ జంట దగ్గరికి మళ్లీ వద్దాం. మాటల మధ్యలో ఆయన తను గీసిన కుక్క బొమ్మని ఫోన్‌లో నాకు చూపించబోతే, ఆవిడ పక్కనుంచి తొంగిచూసి, "ఈ ఎడం చెవి ఎప్పుడు మార్చావు? మొన్న నిలబడి ఉంది కదా" అంది. ఆయన మొహం వెలిగిపోయింది. బొమ్మలు గీయడం ఆవిడకి రాదు, నేర్చుకోవాలనీ లేదు. కానీ చెవి మారిందని కనిపెట్టింది. ఇలాంటివాళ్లకి కామన్ హాబీ దేనికండీ?

వాషింగ్టన్ యూనివర్సిటీలో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొత్త దంపతుల్ని మామూలు ఇంటిలాంటి ల్యాబ్‌లో ఉంచి గమనించాడు. "అటు చూడు, ఆ పిట్ట" అని ఒకరంటే రెండోవాళ్లు తలెత్తుతారా లేదా, ఇలాంటి చిన్న చిన్నవి. ఆరేళ్ల తర్వాత ఆరా తీస్తే, కలిసే ఉన్నవాళ్లు ల్యాబ్‌లో అలాంటి పిలుపులకి 86 శాతం సార్లు పలికారట, విడిపోయినవాళ్లు 33 శాతం. ఇది చదివి ఇంట్లో లెక్కపెట్టుకోవడం మొదలెట్టకండి, ఆ పనీ చేసినవాళ్లున్నారు. పిట్టల మీద ఇద్దరికీ ఆసక్తి ఉండక్కర్లేదు, పిలిచిన మనిషి మీద ఉంటే చాలు.

మా ఆయనకి పాత రేడియోలు విప్పి బాగుచేయడం పిచ్చి. నాకు కండెన్సర్ అంటే ఏమిటో ఇప్పటికీ తెలియదు, తెలుసుకునే ఉద్దేశమూ లేదు. అర్ధరాత్రి ఏదో స్టేషన్ తగిలితే మాత్రం "ఇలా రా ఒకసారి" అని కేకేస్తారు, వెళ్తాను. గరగరల మధ్య ఎవరో మాకు తెలియని భాషలో గబగబా చదువుతుంటారు. ఏం చెబుతున్నారో ఊహించి చెప్పుకోవడం మా ఆట. ఆయన ఎప్పుడూ "వాతావరణం" అంటారు, ఆయన ఊహాశక్తి అంతే. నేనైతే ఆ చదివే మనిషికి ఇంట్లో తాళంచెవి పోయిందనీ, అందుకే ఆ కంగారనీ కథ అల్లుతాను. కాసేపటికి ఆయన టంకం పనికి ఆయన, నా నిద్రకి నేను.

కలిసి ఏదీ చేయొద్దని కాదు నేననేది. ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2000లో ప్రచురించిన ప్రయోగం నాకు భలే ఇష్టం. జంటల్ని మణికట్లూ చీలమండలూ కలిపి కట్టేసి, మధ్యలో ఓ దిండు ఇరికించి, చేతులతో పట్టుకోకుండా పరుపుల మీద పాకించారు. ఏడు నిమిషాలు, అంతే. చప్పగా ఉండే పని ఇచ్చిన జంటలకంటే వీళ్లు తర్వాత తమ బంధం గురించి మెరుగ్గా చెప్పారు. దిండు మోయడం ఎవరి హాబీ చెప్పండి? ఇద్దరికీ కొత్తదైన, కాస్త నవ్వొచ్చే పని అప్పుడప్పుడూ ఉంటే సరిపోతుంది.

అపోహ: కలిసి వంట చేస్తే ప్రేమ పెరుగుతుంది.

పెరగొచ్చు, ఒకరు ఉల్లిపాయలు తరుగుతుంటే ఇంకొకరు వెనక నిలబడి "ఇంకాస్త సన్నగా" అనకుండా ఉంటే. నా దగ్గరికొచ్చే వంటింటి తగాదాలు రుచి గురించి కావు. "ఏం చేయాలో చెప్పు, హెల్ప్ చేస్తా" అనే మాట దగ్గర మొదలవుతాయి. చెప్పడమే ఒక పని బాబూ! ఏం వండాలి, ఇంట్లో ఏమున్నాయి, ఏవి అయిపోవచ్చాయి, ఎప్పుడు పొయ్యి వెలిగించాలి, ఇదంతా ఒక్క బుర్రలోనే తిరుగుతుంటే రెండో మనిషి నాలుగు టమాటాలు కోసి సగం వంట చేశాననుకుంటాడు. కావాలని అనే అబద్ధమేం కాదు. 1979లో రాస్, సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంటి పనుల్లో ఎవరి వాటా ఎంతని భార్యాభర్తల్ని విడివిడిగా అడిగితే, చాలా పనుల్లో ఇద్దరి వాటాలూ కలిపి నూటికి పైనే తేలింది. ఎవరి కష్టం వాళ్లకి బాగా గుర్తుంటుంది మరి.

నేను చెప్పేది ఒకటే. వారంలో ఒక పూట వంట మొత్తంగా ఒకరికే అప్పగించేయండి, ఆలోచించడం నుంచి గట్టు తుడవడం దాకా. రెండో మనిషి వంటింటి గుమ్మం దాటకూడదు, సలహా అసలే ఇవ్వకూడదు. అన్నం మెత్తబడినా సరే. మొదట్లో బయట కూర్చున్నవాళ్లకే ఎక్కువ కష్టం, ఇది మాత్రం గ్యారంటీ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ప్లాన్ చేసుకుంటే అది సరదా కాదంటారు. పిల్లలూ ఉద్యోగాలూ ఉన్న ఇంట్లో ప్లాన్ చేసుకోకపోతే సరదా కోసం రిటైర్ అయ్యేదాకా ఆగాలి. ఫోటోల్లో ఎప్పుడూ నవ్వుతూ కనిపించే జంటలతో పోల్చుకుని నిద్ర పాడుచేసుకోకండి, వాళ్లలో కొందరు నా దగ్గరికీ వస్తారు. ఒకరినొకరు ఏడిపించుకోని జంటకి చనువు లేదన్నదీ వట్టిమాటే, గంభీరంగా ఉండే ఇద్దరు హాయిగా కాపురం చేసుకోవచ్చు.

ఒక్కదాని దగ్గర మాత్రం ఆగాలి. "ఊరికే జోక్ చేశాను, ఆ మాత్రం తీసుకోలేవా?" ఏడిపించడం ఆట అవునా కాదా అని చెప్పాల్సింది అన్నవాళ్లు కాదు, పడ్డవాళ్లు. తిరిగి అదే మాట అనగలిగే చొరవ రెండో మనిషికి ఉందా, వద్దంటే ఆగుతుందా అని చూడండి. నలుగురిలో ఒకరి జీతం మీదో ఒళ్లు మీదో పదే పదే జోకులు పడుతూ, ఎదురు చెబితే ఇంటికెళ్లాక ఏమవుతుందోనన్న భయం ఉంటే అది హాబీలతోనో ఆదివారం వంటతోనో సర్దుకునే విషయం కాదు. అప్పుడు జంటగా రావాలని చూడకండి, ముందు ఒక్కరే వచ్చి మాట్లాడండి.