నటీనటులు లేని సినిమాకు దర్శకురాలు: మైతే అల్బెర్ది

చిరంజీవులకు ఆశీస్సులు.

నటీనటులే లేని డాక్యుమెంటరీలో దర్శకులకు పనేముంటుందని మీరు అడిగారు. దీనికి సూత్రాలు వల్లించడం కంటే ఒక మనిషి చేసిన పనిని చూపించడమే మేలని తోచి, చిలీ దేశపు దర్శకురాలు మైతే అల్బెర్ది గురించి రాస్తున్నాను. దక్షిణ అమెరికా పడమటి అంచున, ఆండీస్ పర్వతాలకూ పసిఫిక్ మహాసముద్రానికీ నడుమ సన్నగా, పొడుగ్గా సాగిన దేశం చిలీ. దాని రాజధాని శాంటియాగోలో ఆమె 1983లో పుట్టింది. అప్పటికి పదేళ్లుగా ఆ దేశం సైనిక నియంత పినోచే చేతిలో ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఉత్తరం చివర్లో పనికొస్తుంది. అక్కడి కాథలిక్ విశ్వవిద్యాలయంలో దర్శకత్వం చదువుకుని, చిలీ డాక్యుమెంటరీల సిద్ధాంతాల మీద మరికొందరితో కలిసి ఒక పుస్తకం కూడా రాసింది.

ఆమె మొదటి పూర్తి నిడివి చిత్రం 2011లో వచ్చింది. సముద్రతీరంలో మునిగిపోయేవారిని కాపాడే ఉద్యోగి కథ అది. అసలు నీళ్లలోకి దిగవలసిన అవసరమే రాకుండా చూసుకునేవాడే మంచి రక్షకుడని అతని నమ్మకం. ఇలాంటి మనిషి దొరకడంతోనే దర్శకురాలి పని సగం అయినట్టు. ఎవరిని చూడాలి, ఎక్కడ కూర్చుని చూడాలి, ఎంతకాలం చూడాలి అన్న మూడు ప్రశ్నలకు సరైన జవాబు తెలిస్తే, మాటలు రాసివ్వకపోయినా మనుషులు తమ కథను తామే చెప్పుకుంటారు.

'ఎంతకాలం' అన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన జవాబు 2014 నాటి 'లా ఓన్సే'లో కనిపిస్తుంది. బడి రోజుల నాటి స్నేహితురాళ్లు అరవై ఏళ్లుగా నెలకోసారి ఒకరింట్లో చేరి, కేకులతో టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటారు; వారిలో ఒకరు మైతేకు స్వయానా అమ్మమ్మ. నెలకొక్కసారి మాత్రమే దొరికే ఆ సాయంత్రాల కోసం ఆమె బృందం ఏళ్ల తరబడి వెళ్లి వచ్చింది. కెమెరా గదినంతా తిరగదు. ముడతలు పడ్డ ముఖాలకూ, పళ్లేల్లోని మిఠాయిలకూ బాగా దగ్గరగా నిలిచిపోతుంది. ఒకరు మాట్లాడుతుంటే వింటున్నవారి కనుబొమలు ఏం చేస్తున్నాయో మనకు తెలుస్తుంది. కాలం గడిచేకొద్దీ బల్ల చుట్టూ మనుషులు తగ్గుతారు. 2016లో వచ్చిన 'లోస్ నీన్యోస్' (పిల్లలు) అనే చిత్రంలో, పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదలను నెమ్మదింపజేసే డౌన్ సిండ్రోమ్ ఉన్న నడివయసు స్నేహితులు దశాబ్దాలుగా ఒకే బడికి వస్తూ, పెళ్లి చేసుకుని సొంత కాపురం పెట్టాలని ఆశపడతారు. వయసు వచ్చినవారిని లోకం ఎప్పటికీ పిల్లలుగానే చూస్తే ఎలా ఉంటుందో ఆ చిత్రం అడుగుతుంది.

మీకు అన్నిటికంటే నచ్చేది 2020లో వచ్చిన 'ఎల్ అహెంతే తోపో' అని నా అంచనా, ఎందుకంటే అందులో గూఢచారి ఉన్నాడు. ఒక వృద్ధాశ్రమంలో తన తల్లిని సరిగా చూస్తున్నారో లేదో కనిపెట్టమని ఒకావిడ ప్రైవేటు డిటెక్టివ్‌ను నియమించుకుంది. లోపలికి పంపడానికి ముసలివాడే కావాలి గనుక, ఎనభైకీ తొంభైకీ మధ్య వయసున్న మగవారు కావాలని పత్రికలో ప్రకటన ఇచ్చారు. అలా ఎంపికైనవాడు ఎనభై మూడేళ్ల సెర్హియో, అప్పటికి కొద్ది నెలల కిందటే భార్యను పోగొట్టుకున్నవాడు. కళ్లజోడులోనూ పెన్నులోనూ కెమెరాలు దాచి ఇచ్చారు గానీ, ఫోనులో సందేశం పంపడం నేర్పేసరికే డిటెక్టివ్‌కు తలప్రాణం తోకకొచ్చింది. మైతే బృందమేమో వృద్ధాప్యం మీద చిత్రం తీస్తున్నామని చెప్పి, ఆయన చేరకముందే ఆశ్రమంలో అడుగుపెట్టింది. కొత్తగా ఎవరైనా చేరితే ఆయన్నూ చిత్రీకరిస్తామని చెప్పి ఉంచారు కనుక ఎవరికీ అనుమానం రాలేదు.

ఇలా అసలు సంగతి దాచి చిత్రీకరించడం న్యాయమేనా అని మీరు అడగాలి. నాకూ ఆ శంక ఉంది. తరవాత ఆశ్రమం వారికి నిజం చెప్పి, చిత్రాన్ని చూపిస్తే వారు సంతోషించారన్నది ఆమె వైపు మాట. అది పూర్తి జవాబని నేననను. అయితే ఆ గూఢచర్యంలో బయటపడిందేమిటో చూడండి. సెర్హియో వెతికిన నేరం దొరకలేదు. ఆయనకు దొరికినవారు ఆయనపై మనసు పడ్డ ఒక పెద్దావిడ, కవిత్వం చదివే ఇంకొకావిడ, జ్ఞాపకం జారిపోతున్నదని భయపడే మరొకావిడ. పైగా ఆశ్రమం వేడుకలో ఆయన్నే రాజుగా ఎన్నుకుని కిరీటం పెట్టారు. చివరికి ఆయన ఇచ్చిన నివేదిక సారం ఇదే: ఇక్కడివారిని ఎవరూ హింసించడం లేదు, వీరిని చూడటానికి ఎవరూ రావడం లేదు, ఆ కూతురే వచ్చి తల్లిని చూసుకోవాలి. డిటెక్టివ్ కథగా మొదలైన చిత్రాన్ని ఆ ఒంటరితనం వైపు తిప్పడమన్నది ఎడిటింగ్ బల్ల దగ్గర తాలును చెరిగి గింజను మిగుల్చుకునే ఓర్పుతో జరిగే పని. ఈ చిత్రం 2021లో ఆస్కార్ తుది పోటీలో నిలిచింది.

ఇప్పుడు ఆ పినోచే సంగతి. నియంత పాలనలో టీవీ చెప్పని వార్తలను వీడియో టేపుల్లో చిత్రించి, చేతులు మార్చి జనానికి చేరవేసిన విలేకరుల్లో అగుస్తో గొంగోరా ఒకరు. దేశం తన గతాన్ని మరిచిపోకూడదని జీవితమంతా పాటుపడిన ఆయనకు 2014లో, జ్ఞాపకశక్తిని హరించే అల్జీమర్స్ వ్యాధి ఉన్నట్టు తేలింది. ఆయన భార్య పౌలీనా ఉరుతియా నటి, ఒకప్పటి సాంస్కృతిక శాఖ మంత్రి. ఆయన్ను ఇంట్లో దాచిపెట్టకుండా తన రిహార్సల్స్‌కు వెంట తీసుకువెళ్లేది. 2023లో వచ్చిన 'లా మెమోరియా ఇన్ఫినీతా' వారిద్దరి కథ. నిద్ర లేచిన భర్తకు తానెవరో ఆమె నవ్వుతూ చెప్పుకునే దృశ్యం అందులో ఉంది. కోవిడ్ రోజుల్లో బృందం ఆ ఇంటికి వెళ్లలేకపోయినప్పుడు కెమెరాను పౌలీనాకే అప్పగించారు. ఆమె తీసిన వాటిలో కొన్ని మసకగా ఉన్నా మైతే వాటిని అలాగే ఉంచింది. శుభ్రమైన బొమ్మ కంటే ఆ మసకే నిజమని ఆమె గ్రహించడం నాకు గొప్పగా అనిపించింది. ఆ చిత్రానికి అమెరికాలో జరిగే సన్‌డాన్స్ సినిమా ఉత్సవంలో విదేశీ డాక్యుమెంటరీల విభాగపు ప్రధాన బహుమతి, తరవాత స్పెయిన్ వారి గోయా పురస్కారం వచ్చాయి; 2024లో మళ్లీ ఆస్కార్ తుది పోటీ. గొంగోరా మాత్రం 2023 మేలో కన్నుమూశారు.

2024లో ఆమె నటులతో తన తొలి పూర్తి నిడివి కల్పిత చిత్రం 'ఎల్ లుగార్ దె లా ఓత్రా' తీసింది. 1955లో శాంటియాగోలోని ఒక హోటల్లో మరియా కరోలీనా హీల్ అనే రచయిత్రి తన ప్రియుణ్ణి కాల్చిచంపింది. నోబెల్ కవయిత్రి గబ్రియేలా మిస్త్రాల్ ఆమె కోసం క్షమాభిక్ష అడిగింది. ఇంత సంచలనాన్ని వెనక్కి నెట్టి, మైతే తన కథను కోర్టులో పనిచేసే ఒక గృహిణి చుట్టూ అల్లింది. ఆ గృహిణి రచయిత్రి ఖాళీ ఇంటి తాళాలు సంపాదించి, అక్కడ తనకంటూ కాసేపు ఏకాంతం దొరకడం రుచి చూస్తుంది. కల్పిత కథలోనూ ఆమె చూపు మారలేదు.

ముందుగా గూఢచారి తాత చిత్రం చూడండి. అల్జీమర్స్ చిత్రాన్ని మాత్రం మీ అమ్మానాన్నలు పక్కనుండగా చూడండి. సంభాషణలన్నీ స్పానిష్‌లోనే ఉంటాయి కనుక కింద వచ్చే అక్షరాలు చదువుకోవాలి. మీలో చిన్నవాడికి అక్క చదివి వినిపించాలి. చూశాక, ఆ ఆశ్రమంలో కెమెరా పెట్టడం న్యాయమేనా కాదా అన్నది మీరే వాదించుకుని, మీ తీర్పు నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య