పాత బస్సెక్కే ముందు: వింటేజ్ బస్సుల మీద అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో పాత బస్సులను రోడ్డెక్కించే రోజుల్లో నేను వాలంటీర్ కండక్టర్‌గా వెళ్తుంటాను. మెడలో టికెట్ మిషను, భుజాన చిల్లర సంచి. బస్సులో మనవాళ్లెవరైనా కనిపిస్తే చాలు, "ఏదైనా షూటింగా అండీ?" అని మొదలవుతుంది. "ఈ డొక్కు బస్సులకు ఇంత క్యూ ఏంటండీ?" అనేది రెండో ప్రశ్న. అడిగేవాళ్ల తప్పేం లేదు. మన దగ్గర బస్సు పాతబడితే తుక్కు కిందే పోతుంది. కాకపోతే అవే మాటలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి కాబట్టి, తరచూ ఎదురయ్యేవాటికి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: పాత బస్సులు మ్యూజియంలో తాడు కట్టి చూపించడానికే.

మ్యూజియాలు లేకపోలేదు. సర్రే జిల్లాలో, వేబ్రిడ్జ్ పక్కన బ్రూక్‌ల్యాండ్స్‌లో లండన్ బస్ మ్యూజియం ఉంది. గుర్రాలు లాగిన బస్సు దగ్గర్నుంచి లండన్ పేరు చెప్పగానే గుర్తొచ్చే ఎర్ర డబుల్ డెక్కర్ రూట్‌మాస్టర్ దాకా అక్కడ చూడొచ్చు. అయితే అసలు సరదా రన్నింగ్ డే నాడే. చలి తగ్గాక వసంతం నుంచి అక్టోబరు దాకా, ఎక్కువగా ఆదివారాల్లో, ఏదో ఒక ఊళ్లో పాత బస్సులు మామూలు రోడ్ల మీద, మామూలు ట్రాఫిక్‌లో టైమ్‌టేబుల్ ప్రకారం తిరుగుతాయి. స్టాపులో నిలబడి చెయ్యెత్తి ఎక్కడమే.

వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇంబర్. విల్ట్‌షైర్‌లో సాలిస్‌బరీ ప్లెయిన్ అనే పెద్ద మైదానం మధ్యలో ఉంటుందా ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికుల శిక్షణ కోసమని 1943 డిసెంబరులో ఊరంతా ఖాళీ చేయించారు. యుద్ధం ముగిసినా జనాన్ని తిరిగి రానివ్వలేదు. ఇప్పటికీ అది సైన్యం చేతిలోనే ఉంది. దారి తెరిచేది ఏడాదిలో కొద్ది రోజులే. మామూలుగా బస్సు వెళ్లని ఈ ఊరికి 2009లో కొందరు బస్సు ప్రేమికులు సరదాగా ఒక సర్వీసు మొదలుపెట్టారు. వార్‌మిన్‌స్టర్ రైల్వే స్టేషన్ దగ్గర బయల్దేరే ఆ బస్సుల నంబరు 23ఏ. వేసవిలో ఒక్క శనివారం నడుస్తాయి. వచ్చిన డబ్బు మంచి పనులకు వెళ్తుంది. మనుషుల్లేని ఊరి చర్చి ముందు ఎర్ర డబుల్ డెక్కర్లు బారులు తీరడం చూడాలంటే ఆ శనివారమే వెళ్లాలి. మొదలుపెట్టినవాళ్లలో పీటర్ హెండీ ఒకరు. లండన్ రవాణా సంస్థకు కమిషనర్‌గా చేసిన మనిషి, సొంత రూట్‌మాస్టర్ ఉన్నవాడు. "పనీపాటా లేనివాళ్ల పిచ్చి ఇది" అనేవాళ్లకు నేను ఈయన పేరు చెప్పి ఊరుకుంటాను.

అపోహ: ఎర్రగా, రెండంతస్తులుంటే అది రూట్‌మాస్టరే.

కాదు. దానికంటే ముందు ఆర్‌టీ రకం బస్సులుండేవి. 1939లో మొదలై, యుద్ధం తర్వాత వేలకొద్దీ తయారయ్యాయి. ఒకప్పుడు లండన్ అంటే అవే. గుర్తుపట్టాలంటే ముందు వైపు చూడండి. ఆర్‌టీకి డ్రైవర్ క్యాబిన్ పక్కన ఇంజిన్ ముందు నిలువుగా, సన్నగా రేడియేటర్ బయటికే కనిపిస్తుంది. రూట్‌మాస్టర్‌కు అక్కడ వెడల్పాటి గ్రిల్ ఉంటుంది. ఎరుపే ఉండాలన్న రూలు కూడా లేదు. లండన్ చుట్టుపక్కల పల్లెలకు తిరిగినవి ఆకుపచ్చవి.

అపోహ: పాతది కాబట్టి టెక్నాలజీ నాసిరకం.

రూట్‌మాస్టర్ ప్రయాణికులతో రోడ్డెక్కింది 1956 ఫిబ్రవరిలో. ఆ రోజుల్లోనే ఈ రకానికి పవర్ స్టీరింగ్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, ముందు చక్రాలకు విడివిడిగా సస్పెన్షన్, హైడ్రాలిక్ పవర్ బ్రేకులు ఉన్నాయి. ఇప్పటికీ మన ఊళ్లలో చాలా బస్సుల డ్రైవర్లు గేరు రాడ్డుతో కుస్తీ పడుతూనే ఉన్నారని గుర్తుంచుకోండి. పైగా దీనికి విడిగా ఛాసిస్ (బాడీని మోసే అడుగు చట్రం) అంటూ లేదు. అల్యూమినియం బాడీయే బరువంతా మోస్తుంది. యుద్ధకాలంలో లండన్ రవాణా సంస్థ హాలిఫాక్స్ బాంబర్ విమానాల తయారీలో పాలుపంచుకుంది. అల్యూమినియం పనితనం అక్కడే చేతికొచ్చింది. ఆర్‌టీలో 56 సీట్లయితే రూట్‌మాస్టర్‌లో 64. సీట్లు పెరిగాయి, బరువు పెరగలేదు.

రూట్‌మాస్టర్ ఇంజిన్లలో చాలావాటినీ గేర్లనూ ఏఈసీ కంపెనీ చేసింది పశ్చిమ లండన్‌లోని సౌతాల్‌లో. అవును, మనవాళ్లు కిరాణా సామాన్లకీ చీరలకీ వెళ్లే సౌతాలే. ఆ ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

అపోహ: "ఈ బస్సు 1959లో ఎలా వచ్చిందో అచ్చం అలాగే ఉంది."

అన్నిటికన్నా గట్టిగా నాటుకుపోయిన అపోహ ఇదే. కొన్ని బస్సుల యజమానులే ఇలా చెబుతారు, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

లండన్‌కు ఉత్తరాన ఎల్‌స్ట్రీ దగ్గర ఆల్డెన్‌హామ్ వర్క్స్ అని భారీ వర్క్‌షాప్ ఉండేది. నిజానికి దాన్ని కట్టింది భూగర్భ రైళ్ల డిపో కోసం. యుద్ధం వచ్చి ఆ లైను ఆగిపోయింది. ఇందాక చెప్పిన బాంబర్ల పని కొంత జరిగింది ఇక్కడే. ఆ తర్వాత బస్సుల ఓవర్‌హాల్‌కు ఇచ్చారు. కొన్నేళ్లకోసారి ప్రతి బస్సూ అక్కడికి వెళ్లాల్సిందే. లోపలికి వెళ్లగానే బాడీని క్రేన్‌తో లేపి పక్కన పెట్టేవాళ్లు. ఆర్‌టీ అయితే ఛాసిస్ ఒక దారి, బాడీ ఒక దారి. రూట్‌మాస్టర్ అయితే ఇంజినూ స్టీరింగూ ఉన్న ముందు ఫ్రేము ఒకవైపు, వెనక ఇరుసు ఉన్న ఫ్రేము ఇంకోవైపు. విడిభాగాలన్నీ ఒకే కొలతకు చేసినవి కాబట్టి ఏ బాడీకి ఏ ఫ్రేమైనా సరిపోయేది.

ఇక అసలు తమాషా. బాడీ బాగుచేయడానికి పట్టే టైమ్ వేరు, ఛాసిస్‌కు పట్టే టైమ్ వేరు. దేని కోసం ఏదీ ఆగకూడదు. పైగా రోడ్డు లైసెన్స్ కట్టిన బస్సు వారాల తరబడి షెడ్డులో పడుంటే ఆ డబ్బు దండగ. అందుకని ఒక బస్సు లోపలికి రాగానే, అప్పటికే సిద్ధంగా ఉన్న వేరే బండికి ఆ బస్సు నంబరు తగిలించి పంపేసేవాళ్లు. డిపోలో చూసేవాళ్లకు వెళ్లిన బస్సే కొత్త రంగుతో తిరిగొచ్చినట్టుండేది. నిజానికి నంబరొక్కటే పాతది, కింద ఉన్న లోహమంతా వేరే బస్సుది.

కాబట్టి వర్క్స్ మూతపడిన 1986 దాకా లండన్‌లో తిరిగిన రూట్‌మాస్టర్ ఏదైనా సరే, దాని నంబరు ఒక ఏడాదిది, బాడీ ఇంకో ఏడాదిది కావచ్చు. దానికి తోడు 1990ల్లో కొన్నిటికి పాత ఇంజిన్లు తీసేసి కమిన్స్, ఇవెకో, స్కానియా ఇంజిన్లు బిగించారు. కళ్లు మూసుకుని వింటే తేడా తెలిసిపోతుంది. పాత ఏఈసీ ఇంజిన్ నిలబడి ఉన్నప్పుడు బరువుగా, నిదానంగా కొట్టుకుంటుంది. కొత్తవి లారీలా గరగరమంటాయి. అయితే దీన్ని మోసం అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. అలా విప్పి బిగించారు కాబట్టే 2,876 రూట్‌మాస్టర్లలో వెయ్యికి పైగా ఇంకా మిగిలి ఉన్నాయి. మామూలు సర్వీసులో చివరి రూట్‌మాస్టర్ 159 నంబరు రూట్లో 2005 డిసెంబరు 9న ఆగింది. దాదాపు యాభై ఏళ్ల చాకిరీ!

అపోహ: డ్రైవింగ్ అంటే క్లచ్ తొక్కి, గేరు వేయడమే. ఏ బస్సయినా ఒకటే.

ఆర్‌టీ డ్రైవర్‌ని ఒకసారి గమనించండి. స్టీరింగ్ కింద ఎడమ పక్కన చిన్న లివర్ ఉంటుంది. రెండో గేర్లో వెళ్తూనే దాన్ని మూడుకి జరిపేస్తాడు. ఏమీ జరగదు. గేరు మారాల్సిన చోటు వచ్చాక క్లచ్ ఉండాల్సిన చోటున్న పెడల్‌ని ఒక్కసారి తొక్కి వదులుతాడు. అప్పుడు మారుతుంది. ముందు ఎంచుకోవడం, తర్వాత మార్చడం. దీన్ని ప్రీసెలెక్టర్ గేర్‌బాక్స్ అంటారు. ఆర్‌టీలో ఆ పని గాలి ఒత్తిడితో జరుగుతుంది, మారినప్పుడల్లా బుస్సుమంటుంది. అంతకన్నా పాతవాటిలో స్ప్రింగుతో నడుస్తుంది. పెడల్ పూర్తిగా నొక్కకపోతే అది ఎగిరి వచ్చి మోకాలికి గట్టిగా తగులుతుంది. ఇంకా వెనక్కి వెళ్తే క్రాష్ గేర్‌బాక్స్. రెండుసార్లు క్లచ్ తొక్కి, ఇంజిన్ వేగాన్ని చెవితో పట్టుకుని గేరు వేయాలి. గట్టు ఎక్కేటప్పుడు గేరు సాఫీగా పడితే కింద కూర్చున్న ముసలాయనలు చప్పట్లు కొడతారు. కరకరమంటే మర్యాదగా కిటికీలోంచి బయటికి చూస్తారు.

అపోహ: కండక్టర్ వేషం ఫోటోల కోసమే.

డ్రైవర్ క్యాబిన్ విడిగా ఉంటుంది. వెనక ఫుట్‌బోర్డు దగ్గర ఏం జరుగుతోందో అతనికి సరిగ్గా కనపడదు. బస్సు కదలాలా వద్దా చెప్పేది గంటే. ఒకటి కొడితే తర్వాతి స్టాపులో ఆపు, రెండు కొడితే పోనియ్, మూడు కొడితే బస్సు నిండింది, నాలుగు కొడితే ప్రమాదం. మొదటి రెండూ మన ఆర్టీసీ బస్సులో చిన్నప్పట్నుంచీ విన్నవే. కింది డెక్కులో సీలింగ్ పక్కన తాడుంటుంది. పిల్లలకు దాన్ని లాగాలని మహా సరదా, లాగితే తప్పులేదు. కానీ వరసగా రెండుసార్లు లాగితే డ్రైవర్ బండి కదిలించేస్తాడు, అప్పుడు ఎవరో ఒకరు ఒక కాలు నేల మీద, ఒక కాలు బస్సులో పెట్టి ఉంటారు. నాకు రోజంతా టెన్షన్ ఆ తాడు గురించే. "ఒక్కసారే లాగు నాన్నా" అని చెప్పాకే టికెట్ ఇస్తాను.

వెనక తలుపు లేదని నడుస్తున్న బస్సులోంచి దూకొచ్చని కొందరు అనుకుంటారు. వద్దు. సినిమా హీరోలకు ఇన్సూరెన్స్ ఉంటుంది.

టికెట్ మిషను గిబ్సన్. 1950ల నాటిది. రేటు చక్రం సరిచేసి, పక్కనున్న హ్యాండిల్ ఒక చుట్టు తిప్పితే తెల్ల కాగితం చుట్ట మీద టికెట్ అచ్చయి వస్తుంది. బ్యాటరీ లేదు, సిగ్నల్ అక్కర్లేదు.

అపోహ: ఇలాంటి బస్సు నడపాలంటే ముందు పెద్ద లైసెన్స్ కావాలి.

మామూలు సర్వీసులా ప్రయాణికులతో నడపాలంటే కావాలి. అయితే బ్రిటన్‌లో ఒక వెసులుబాటు ఉంది. 30 ఏళ్లు దాటిన బస్సును, కిరాయికి కాకుండా, ఎనిమిది మందికి మించి ఎక్కించుకోకుండా, 21 ఏళ్లు నిండినవాళ్లు పూర్తి స్థాయి కారు లైసెన్స్‌తోనే నడపొచ్చు. ఈ మాట చెప్పగానే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల కళ్లు మెరుస్తాయి. కొనడం పెద్ద పని కాదు, 8.4 మీటర్ల పొడవు, 4.4 మీటర్ల ఎత్తు ఉన్న బండికి వానపడని చోటు వెతకడమే పని. ఒంటరిగా కొనకండి, నలుగురైదుగురు కలిసి కొనండి.

అపోహ: వీల్‌చైర్ ఎక్కని బస్సును రోడ్డు మీదికి ఎలా రానిస్తారు? చట్టవిరుద్ధం కదా.

రోజువారీ సర్వీసుకైతే రానివ్వరు. 20 ఏళ్లు దాటిన బస్సును ఏడాదికి 20 రోజులకు మించకుండా వాడితే ఆ నిబంధన వర్తించదు. అందుకే ఇవి రన్నింగ్ డే లాంటి ప్రత్యేక రోజుల్లోనే కనిపిస్తాయి. మెట్లు ఎక్కలేనివాళ్లు వస్తే నాకు ఇబ్బందిగానే ఉంటుంది. చాలాచోట్ల పక్కనే ఒక కొత్త లోఫ్లోర్ బస్సు కూడా తిప్పితే బాగుంటుందని నా అభిప్రాయం.

అపోహ: ఇదంతా తెల్లవాళ్ల గోల, మనకేం సంబంధం?

నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 1932 జూన్‌లో 27 బస్సులతో మొదలైంది. ఆర్టీసీకి మూలం అదే. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్‌లో ప్రదర్శనకు ఉంది. ఆల్బియన్ స్కాట్లాండ్‌లోని గ్లాస్గో కంపెనీ. అటుగా వెళ్లినప్పుడు ఆగి చూడండి. హైదరాబాద్ డబుల్ డెక్కర్లు ఎక్కినవాళ్లు మన ఇళ్లల్లోనే ఇంకా ఉన్నారు, అడిగితే చెబుతారు. ఆ డబుల్ డెక్కర్లలో ఒక్కటైనా నడిచే స్థితిలో దాచుకుని ఉంటే ఎంత బాగుండేది!

అపోహ: పై డెక్కులో ముందు సీటే బెస్ట్.

పిల్లలుంటే అక్కడికే వెళ్లండి, ఊరంతా కనిపిస్తుంది. బస్సు తెలిసినవాళ్లు మాత్రం కింద, అందరికన్నా ముందు సీట్లో కూర్చుంటారు. అద్దానికి అవతల ఒకవైపు డ్రైవర్, ఇంకోవైపు ఇంజిన్. గేర్లు మారడం కాళ్ల కింద తెలుస్తుంది. ఇంకో మాట: ఎక్కడికి వెళ్లాలి అని కాకుండా ఏ బస్సెక్కాలి అని ప్లాన్ చేసుకోండి. చాలాచోట్ల ఏ ట్రిప్పుకు ఏ బండో ప్రోగ్రామ్ పుస్తకంలో వేస్తారు. కోరుకున్న బండిలో ఆ ముందు సీటు కావాలంటే బయల్దేరే స్టాపులోనే ఎక్కాలి, మధ్యలో ఎక్కితే దొరకదు.