6⅔ జాకెట్లలో ఆ ⅔ దేనిది?

ఏటా ఏడో తరగతిలో ఈ లెక్క ఇస్తాను. 5 మీటర్ల గుడ్డ ఉంది, ఒక్కో జాకెట్టుకు ముప్పావు మీటరు కావాలి. ఎన్ని జాకెట్లవుతాయి, ఎంత మిగులుతుంది? 5 ÷ ¾ చేస్తే 20/3, అంటే 6⅔. క్లాసులో సగం పైనే రాసే జవాబు: "6 జాకెట్లు, ⅔ మీటరు మిగులుతుంది."

అపోహ: పూర్ణాంకం పక్కనున్న భిన్నమే శేషం.

వాస్తవం: ఆ ⅔ జాకెట్ల లెక్క. ఏడో జాకెట్టులో మూడింట రెండు వంతులకు సరిపడా గుడ్డ ఉందన్నమాట. ఆరింటికి నాలుగున్నర మీటర్లు పోతే మిగిలేది అర మీటరే. ముప్పావులో మూడింట రెండు వంతులన్నా అరే కదా. భాగహారమంతా తప్పు లేకుండా చేసి, చివరి వరుసలో మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

పిల్లల్ని అనడమెందుకు, ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే బోర్డు మీద ⅔ మీటరు అని రాశాను. మర్నాడు ఒకమ్మాయి లేచి, "సార్, మా అమ్మ అర మీటరే అంటోంది" అంది. వాళ్లమ్మ బట్టలు కుడుతుంది. ఆవిడ భిన్నాల జోలికే పోలేదట, గుడ్డ మీద టేపు పెట్టి చూసిందట! అప్పట్నుంచీ "దేంట్లో ⅔?" అని అడగకుండా టిక్కు పెట్టను.

అపోహ: భాగిస్తే తగ్గాలి. సోలెడు నూనెను గిద్దతో, అంటే పావు సోలతో కొలవండి, నాలుగొస్తాయి. 1 ÷ ¼ = 4. అంతే.

అపోహ: తిరగేసి గుణించడం బడిలో చెప్పని ట్రిక్కు. వీడియోల వాళ్ల గోల ఇది. బ్రహ్మగుప్తుడు 628లోనే రాసిపెట్టిన పద్ధతి. మీటరుకు 4/3 జాకెట్లు, కాబట్టి 5 మీటర్లకు 5 × 4/3. ఇందులో ట్రిక్కేముంది?

అపోహ: అర కన్నా తక్కువైతే వదిలేయాలి, ఎక్కువైతే ఒకటి కలపాలి. 50 మంది పిల్లలు, వ్యానుకు 12 మంది. 4.17 వచ్చిందని 4 వ్యాన్లు రాస్తారు. మరి మిగిలిన ఇద్దరూ నడిచి రావాలా? 5 వ్యాన్లు కావాలి. అటు జాకెట్ల దగ్గర ⅔ అర కన్నా ఎక్కువే, అయినా ఏడోది రాదు. సోమవారం నుంచి 100 రోజులకు ఏ వారమంటే 7తో భాగిస్తాం, కానీ భాగఫలం 14తో పనే లేదు. శేషం 2, బుధవారం.

"మాకే రాదు సార్, పిల్లకేం చెప్తాం?" అని ఫోన్ చేసే అమ్మానాన్నలూ, టెన్షన్ పడకండి. జవాబు చూసి "ఇవి మీటర్లా, జాకెట్లా?" అని అడగండి చాలు. తడబడితే ఓ పాత చీర, టేపు ముందు పెట్టండి.