ఏ పిండికి ఈ జల్లెడ?

పిల్లలూ,

ఈ సంక్రాంతికి మా మనవరాలు చిట్టి హైదరాబాద్ హాస్టల్ నుంచి ఇంటికి వచ్చింది. భోగికి ముందు రోజు వాళ్ల నాయనమ్మ అరిసెల కోసం తడిపిండి జల్లిస్తోంది. చిట్టి పక్కనే గడప మీద కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్‌లో ఇంకో హెడ్‌ఫోన్స్ బొమ్మని తిప్పి తిప్పి చూస్తోంది. కాసేపటికి నా వైపు తిరిగి అడిగింది. "తాతయ్యా, నా దగ్గరున్నవి మంచివే. అయినా ఇంకో జత కొనాలనిపిస్తోంది. కొననా, వద్దా?"

పండగ హడావిడిలో సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఈ ఉత్తరంలో మీ అందరికీ రాస్తున్నాను.

ముందు చిట్టి దగ్గర ఏముందో చెప్పాలి. వాళ్ల మేనమామ ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనుక్కుని నాలుగేళ్లు వాడాడు. ఇది వీణ నేర్చుకుంటోందని తెలిసి దీనికిచ్చేశాడు. సెన్‌హైజర్ కంపెనీ వాళ్ల హెచ్‌డి 600. ఆ మోడల్ 1997లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. బరువు 260 గ్రాములు. చెవుల మెత్తలు, వైరు విడిగా దొరుకుతాయి, పాడైతే మనమే మార్చుకోవచ్చు. ఇప్పుడు చిట్టి మనసు పడ్డది ప్లానర్ రకం మీద. మామూలు హెడ్‌ఫోన్స్‌లో చిన్న తీగచుట్ట ఒక పలచటి మూతని ముందుకీ వెనక్కీ కదుపుతుంది. ప్లానర్‌లో ఆ చుట్టకి బదులు పలచటి పొర మీదే తీగని పరిచి, ఆ పొరని అయస్కాంతాల దగ్గర బిగించి పెడతారు. పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. స్కాలర్‌షిప్‌లో మిగిలినది, రెండేళ్ల పండగ డబ్బులు కలిపితే దాని ధరకి సరిగ్గా సరిపోతాయట.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. గోడ వైపు చూశాను. అక్కడ మేకులకి మూడు జల్లెడలు వేలాడుతున్నాయి.

నా చిన్నప్పుడు మా మామ్మ దగ్గర కూడా మూడే ఉండేవి. పెద్ద కళ్లది ధాన్యానికి, మధ్యరకం రవ్వకి, సన్నది పిండికి. పండగ ముందు జల్లెడలు అమ్మేవాడు వీధిలో కేకేస్తూ వచ్చేవాడు. కొత్త జల్లెడ ఎండకి ఎత్తి పట్టుకుని "చూడండమ్మా, ఎంత సన్నగా ఉందో" అనేవాడు. మామ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, వేలితో మీటి, తిరిగి ఇచ్చేస్తూ అడిగేది. "నా జల్లెడలో దిగని పిండి ఏదో చెప్పు నాయనా, కొంటాను." వాడు చెప్పలేకపోతే కొనేది కాదు. ఒక ఏడాది మాత్రం ఆవిడే వాణ్ని పిలిచి మరీ నాలుగోది కొంది. మా చెల్లికి పాలు మాన్పించి రాగిజావ పట్టాల్సి వచ్చింది, ఆ పిండికి మా సన్న జల్లెడ కూడా చాల్లేదు. ఆ రోజు బేరం కూడా ఆడలేదు.

హెడ్‌ఫోన్స్ కూడా జల్లెడే. పాటలో మృదంగం తొప్పి మీద పడిన బరువైన దెబ్బ ఉంటుంది, వీణ తీగ మీద గోరు తగిలిన చప్పుడు ఉంటుంది, పాడే మనిషి ఊపిరి తీసుకున్న శబ్దం ఉంటుంది. ఒక జత లావు స్వరాలని ఎక్కువ దింపుతుంది, సన్నవాటిని కాస్త ఆపుతుంది. ఇంకోటి దానికి తలకిందులుగా చేస్తుంది. అన్నీ ఉన్నవి ఉన్నట్టు దింపే జల్లెడ లోకంలో లేదు. చిట్టి దగ్గరున్నది మనిషి గొంతుకి, వీణకి చాలా నిజాయితీగా ఉంటుంది. కానీ మరీ అడుగున ఉండే లోతు శబ్దాలు అందులో పలచబడతాయి. మంచి ప్లానర్‌లో ఆ అడుగు కూడా నిండుగా దిగుతుంది. ఇది నిజమైన తేడాయే, చిట్టి ఊహ కాదు.

ఇంకో మాట. మర ఆడించినప్పుడే పిండి బరకగా వస్తే జల్లెడ మార్చి ప్రయోజనం లేదు. ఫోన్‌లో తక్కువ చోటు పట్టడానికి మరీ కుదించేసిన పాటని, హడావిడిగా రికార్డు చేసిన పాటని ఎంత ఖరీదైన జతలో విన్నా బరక బరకే. పైగా సన్న జల్లెడలో ఆ బరక ఇంకా బాగా కనిపిస్తుంది. పాత మెత్తలు కూడా అంతే. కళ్లు పూడిపోయిన జల్లెడని ముందు దులిపి చూస్తాం, పారేయం. ఏళ్ల తరబడి వాడిన మెత్తలు అణిగిపోతే, లోపల కదిలే ఆ మూత చెవికి దగ్గరై శబ్దమే మారిపోతుంది. చిట్టి మెత్తలు నొక్కి చూశాను. ఎప్పుడో అణిగిపోయాయి.

జల్లెడ గురించి రాస్తుంటే నాకు మొట్టమొదటి హెడ్‌ఫోన్స్ గుర్తొస్తున్నాయి.

మాది కంకిపాడు దగ్గర పల్లెటూరు. నాకు పన్నెండేళ్లు. రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర సెలవుల్లో స్క్రూలు ఏరి పెట్టే పని చేశాను. ఆయన కూలికి బదులుగా పాత హెడ్‌ఫోన్స్ ఒకటి ఇచ్చాడు. ఇనప పట్టీ, నల్లటి రెండు చిప్పలు, ఒక్కో చిప్పలో ఒక రేకు. దానితో పాటు రేడియో అలల్లోంచి పాటని విడదీసే ఓఏ79 అనే జొన్నగింజంత డయోడు కూడా. పౌడర్ డబ్బా చుట్టూ రాగితీగ చుట్టాను. కొబ్బరిచెట్టు నుంచి చింతచెట్టుకి ఇంకో తీగ లాగాను. మూడో తీగని బావి పక్కన తడినేలలో పాతాను. బ్యాటరీ లేదు, కరెంటు లేదు. మర్నాడు తెల్లవారకముందే దుప్పట్లో దూరి చిప్పలు చెవులకి పెట్టుకుంటే విజయవాడ రేడియో స్టేషన్ నుంచి భక్తిరంజని వినిపించింది. గాలిలోంచి వచ్చిన ఆ కాస్త శక్తే ఆ రేకుని కదిపింది. అరవై ఏళ్లు దాటినా ఆ మాట తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ శబ్దంలో లావూ లేదు, సన్నమూ లేదు. మీరు ఒక్క నిమిషం కూడా వినలేరు. మా అక్క వింటానంటే చెరో చిప్ప పెట్టుకునేవాళ్లం. మామ్మ కూడా వింటానంది. చిప్పలు రెండూ ఇత్తడి గిన్నెలో పెడితే శబ్దం కాస్త పెద్దదవుతుందని ఆ రేడియో ఆయనే చెప్పాడు. మేం ముగ్గురం గిన్నె చుట్టూ తలలు వంచి, ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. మామ్మ మర్నాటి నుంచి ఆ గిన్నెలో పప్పు వండడం మానేసింది.

ఇలాంటి హెడ్‌ఫోన్స్‌కి పుట్టిల్లు కూడా వంటగదే. 1910లో అమెరికాలో యూటా రాష్ట్రానికి చెందిన నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన ఇంటి వంటగదిలో బల్ల మీద హెడ్‌ఫోన్స్ తయారుచేసి వాళ్ల నౌకాదళానికి పంపాడు. వాళ్లు పరీక్షించి, బాగున్నాయని ఇంకా కావాలన్నారు.

సరే, చిట్టి ప్రశ్నకి వద్దాం. మామ్మ అడిగిన ప్రశ్నే నేనూ అడిగాను. "ఇప్పుడున్నవాటిలో దిగని పిండి ఏదమ్మా?" చిట్టి ఆలోచించి, "క్లారిటీ, తాతయ్యా" అంది. ఏ పాటలో, ఏ చోట అంటే చెప్పలేకపోయింది. కొత్త జత ఎక్కడైనా విన్నావా అంటే, హైదరాబాద్‌లో ఒక షాపులో పది నిమిషాలు విన్నానంది. అద్భుతంగా ఉందట. ఎంత సౌండులో విన్నావంటే గుర్తులేదంది.

పిల్లలూ, ఇక్కడ జాగ్రత్త. మన చెవి తక్కువ సౌండులో లావు స్వరాలని సరిగా పట్టుకోదు. 1933లో అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి చూపించారు. అందుకే సౌండు కొంచెం పెంచితే చాలు, అదే పాట నిండుగా, గొప్పగా అనిపిస్తుంది. రెండు జతల్ని పోల్చేటప్పుడు రెండింటి సౌండూ సమానంగా పెట్టకపోతే పోలికే తప్పు. గట్టిగా మోగినదే ఎప్పుడూ గెలుస్తుంది. ధర కూడా ఇలాగే చెవిని మాయ చేస్తుంది. 2017లో ఒక పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్స్ కొలతల్ని వాటి ధరల పక్కన పెట్టి చూశాడు. ఏ స్వరాన్ని ఎంత దింపుతుందన్న విషయానికీ ధరకీ సంబంధం కనిపించలేదు. ధరలో పనితనం ఉంటుంది, మన్నిక ఉంటుంది, పేరు ఉంటుంది. అవి పనికిరావని నేననను.

తర్వాత ఇంకోటి అడిగాను. "హాస్టల్లో ఎప్పుడు వింటావు?" గదిలో ముగ్గురు. పైన ఫ్యాను, పక్క మంచం మీద ఫోన్ మాటలు. చిట్టి దగ్గరున్నవి వెనక తెరిచి ఉండే రకం. బయటి చప్పుడంతా లోపలికి వస్తుంది, దీని పాట పక్కవాళ్లకి వినిపిస్తుంది. కొనాలనుకుంటున్న ప్లానర్ కూడా తెరిచినదే, పైగా దాదాపు రెట్టింపు బరువు. అంటే హాస్టల్లో ఈ రెండూ ఒకే మేకుకి వేలాడతాయి. అసలు ఇబ్బంది అలాగే ఉంటుంది. వెనక మూసి ఉన్న రకం, తక్కువ ధరలో మంచిది ఒకటి కొంటే అది వేరే జల్లెడ. చిట్టికి నా సలహా ఇదే. ముందు కొత్త మెత్తలు వేయించుకో. నెల రోజులు విను. ఒక కాగితం పెట్టుకుని, ఏ పాటలో ఏ చోట ఏది వినిపించలేదో రాసుకో. కాగితం నిండితే కొనుక్కో, నేను కూడా కొంత వేస్తాను. నచ్చిన సంగీతం కోసం డబ్బు ఖర్చుపెట్టడం తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. కొత్తది వచ్చాక పాతది బీరువాలో పడి ఉంటుందేమో అన్నదే నా బాధ.

కొనడానికి వీల్లేని జల్లెడ ఒకటి ఉంది, దాని గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. అది మీ చెవి లోపల ఉంది. నత్తగుల్లలా చుట్టుకుని ఉంటుంది, విప్పితే దాదాపు 35 మిల్లీమీటర్లు. దాని వాకిట్లో సన్న స్వరాలు ఆగుతాయి, లోపలికి పోయేకొద్దీ లావు స్వరాలు. ఏ స్వరం ఎక్కడ ఆగుతుందో తేల్చిన బెకెషీ అనే శాస్త్రవేత్తకి 1961లో నోబెల్ ఇచ్చారు. ఒక్కో చెవిలో సుమారు 15,000 సన్నటి రోమకణాలు ఈ పని చేస్తుంటాయి. పెద్ద శబ్దాలకి అవి రాలిపోతే మనిషికి మళ్లీ మొలవవు. మన పెరట్లో కోడికి మొలుస్తాయి, మనకి మొలవవు. పిల్లలు వారానికి 40 గంటలు వినేటట్టయితే సౌండు 75 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గంటలు సగమవుతాయి. కొన్ని ఫోన్లు ఈ లెక్క మీకే చూపిస్తాయి, ఈ రాత్రే తెరిచి చూడండి.

కనుమ నాటి రాత్రి భోజనాలయ్యాక కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, వీధిలో మైకు ఆగింది. చిట్టిని వీణ తెచ్చి మంద్రం తీగ ఒక్కసారి మీటమన్నాను. "నాదం ఆగిపోయిందనిపించినప్పుడు ఎవరికి వాళ్లు చెయ్యెత్తండి" అన్నాను. ముందు నా చెయ్యి లేచింది. కాసేపటికి వాళ్ల నాయనమ్మది. చిట్టి మాత్రం తల అడ్డంగా ఊపుతూ, కళ్లు మూసుకుని అలాగే కూర్చుంది. "ఇంకా ఉంది తాతయ్యా" అంది గుసగుసగా. మాకు ఏమీ వినిపించడం లేదు. చీకట్లో దాని మొహం చూస్తూ కూర్చున్నాం.

మీ ఇంట్లో కూడా చేసి చూడండి. వీణ లేకపోతే గుడిగంట, అదీ లేకపోతే ఇత్తడి గిన్నె, చెంచా చాలు. ఎవరి చెయ్యి చివర లేచిందో నాకు రాయండి.

మీ తాతయ్య