శిలాతోరణం వయసెంత?

తిరుమలలో దర్శనం అయ్యాక జీపు మాట్లాడుకుని చుట్టుపక్కల తిరిగేవాళ్లు శిలాతోరణం చూడకుండా కొండ దిగరు. శ్రీవారి ఆలయానికి ఉత్తరంగా సుమారు కిలోమీటరు దూరంలో, చక్రతీర్థానికి దగ్గర్లోనే ఉంటుంది. వెడల్పు 8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. రెండు రాతి దిబ్బలను కలుపుతూ పైన ఒక సన్నటి రాతి వంతెన, కింద ఖాళీ. స్వామి ఈ కొండ మీద మోపిన మూడు అడుగుల్లో మొదటిది శ్రీవారి పాదాల దగ్గర, రెండోది ఇక్కడ, మూడోది ఇప్పుడు కొలువై ఉన్న చోట అని భక్తులు చెప్పుకుంటారు.

ఆ కథ భక్తికి సంబంధించినది. దాని జోలికి వెళ్లను. కానీ విజ్ఞానం పేరుతో ఇక్కడ వినిపించే మాటలు రెండున్నాయి. ఈ తోరణం 250 కోట్ల ఏళ్ల నాటిదని ఒకటి, ఇలాంటివి ప్రపంచం మొత్తం మీద మూడే ఉన్నాయని ఇంకొకటి. రెండూ సరికాదు. ఇక్కడ నిజంగా ఉన్న అద్భుతం ఈ రెండింటికన్నా చాలా పెద్దది.

ముందు ఆ మూడింటి లెక్క చూద్దాం. శిలాతోరణంతో పాటు అమెరికాలోని రెయిన్‌బో బ్రిడ్జిని, బ్రిటన్‌లో మరొకదాన్ని ఈ జాబితాలో చెబుతుంటారు. రెయిన్‌బో బ్రిడ్జి ఉన్న యూటా రాష్ట్రంలోనే ఆర్చెస్ నేషనల్ పార్క్ ఉంది. ఆ ఒక్క పార్కులోనే 2,000కు పైగా సహజ శిలాతోరణాలను లెక్కగట్టారు. మనవైపు ఇలాంటివి అరుదన్నది మాత్రం నిజం. 1980ల్లో భూగర్భ శాస్త్రవేత్తలు ఈ కొండల్లో ఒక చిన్న భ్రంశాన్ని, అంటే రాతి పొరలు పగిలి పక్కకు జరిగిన చోటును, వెతుకుతుండగా ఇది వాళ్ల దృష్టిలో పడింది. తర్వాత జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా జాతీయ భూగర్భ స్మారకాల్లో దీన్ని చేర్చింది.

ఇక వయసు. రాయి వయసు వేరు, ఆ రాయికి వచ్చిన ఆకారం వయసు వేరు. శిలాతోరణం ఉన్నది క్వార్ట్‌జైట్ అనే రాతిలో. ఇది ఒకప్పుడు ఇసుక. సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న నీళ్ల అడుగున పొర మీద పొరగా పేరుకుంది. అప్పటికి నేల మీద చెట్టూ చేమా లేవు, గడ్డిపరక కూడా లేదు. పట్టి ఆపే వేర్లు లేక, వానలు పడితే కొండల మట్టి అంతా కొట్టుకొచ్చేది. పై పొరల బరువుకు కింద ఇసుక నొక్కుకుపోయింది, రేణువుల సందుల్లో సిలికా, అంటే ఇసుకలో ఉండే ఖనిజమే, చేరి గట్టిగా అతుక్కుంది, వేడికీ ఒత్తిడికీ మరింత బిగిసింది. మామూలు ఇసుకరాయిని సుత్తితో కొడితే రేణువుల మధ్య నుంచి విడిపోతుంది. క్వార్ట్‌జైట్‌ను కొడితే పగులు రేణువులనే చీల్చుకుంటూ పోతుంది. అందుకే కొత్తగా పగిలిన ముఖం నున్నగా, ఎండలో తళుక్కుమంటూ ఉంటుంది. ఇనుము ఉన్నచోట ఎర్రటి చారలు పడతాయి.

అంత గట్టి రాయి ఒక సహజమైన ద్వారంగా ఎలా మారింది? రాయి గట్టిదే, దాని బలహీనత పగుళ్లలో ఉంది. క్వార్ట్‌జైట్ అడ్డంగా పొరలు పొరలుగా ఉంటుంది, నిలువునా నెర్రెలు కూడా ఉంటాయి. వాననీరు నెర్రెల్లోంచి దిగి పొరల సందుల్లో పాకుతుంది. కాస్త మెత్తగా ఉన్న పొర ముందు అరుగుతుంది, కింది ముక్కలు ఒక్కొక్కటిగా ఊడిపోతాయి. పైన నెర్రె పడని ఒక పొర మిగిలిపోతే అది వంతెన అవుతుంది. ఇదంతా కొండ పైకి తేలి, మీదున్న రాయి అరిగిపోయిన తర్వాతి పని. కాబట్టి రాయికి 160 కోట్ల ఏళ్లున్నా, తోరణం వయసు అందులో చాలా చిన్న భాగమే.

మరి 250 కోట్ల మాట ఎక్కడిది? అది ఈ కొండకు పునాదిగా ఉన్న గ్రానైట్ వయసు. అసలు అద్భుతం ఆ రెండు రాళ్లూ కలిసే చోట ఉంది. తోరణం ముందు ఫొటో దిగే ప్రతివాళ్లూ తిరుపతి నుంచి వస్తూ దాన్ని దాటుకునే వచ్చారు.

1944కు ముందు కొండెక్కాలంటే మెట్లదారిన నడవాలి, నడవలేనివాళ్లు డోలీ ఎక్కాలి. ఆ ఏడాది మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. రోడ్డు కోసం కొండను తొలిచినప్పుడు రాయి లోపలి వరస బయటపడింది. కింద గ్రానైట్, దాని నెత్తిన నేరుగా క్వార్ట్‌జైట్. రెండింటి మధ్య 80 కోట్ల ఏళ్లకు పైగా కాలం ఆనవాలు లేకుండా పోయింది. భూమ్మీద జంతువుల చరిత్ర మొత్తం పట్టినా ఇంకా చోటు మిగిలేంత కాలమది. భూమి లోతుల్లో పుట్టిన గ్రానైట్ పైకి తేలి, మీదున్నదంతా అరిగి, బోసి నేలగా మారి, నీళ్లలో మునిగి, చివరికి దాని మీద ఇసుక పరుచుకునేదాకా పట్టిన కాలం. రెండు రాళ్లూ కలిసే ఈ గీతను శాస్త్రవేత్తలు ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. దీనికీ జాతీయ భూగర్భ స్మారకం హోదా ఉంది. ఈ ప్రాంతపు రాళ్ల గురించి విలియం కింగ్ 1872లోనే జియలాజికల్ సర్వే తరఫున సవివరమైన గ్రంథం వెలువరించాడు. స్కాట్లాండ్‌లోని సిక్కర్ పాయింట్‌లో ఇలాంటి గీతనే 1788లో చూసి భూగర్భ శాస్త్రవేత్త జేమ్స్ హటన్ భూమి వయసు వేల ఏళ్లలో కొలిచేది కాదని వాదించాడు. ఆ చోటును చూడ్డానికి ప్రపంచం నలుమూలల నుంచీ విద్యార్థులు వెళ్తారు. మన బస్సులు మాత్రం ఈ గీత దగ్గర ఆగవు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

తోరణాన్ని చెక్కిన పగుళ్లు ఘాట్ రోడ్డు మీదా పనిచేస్తూనే ఉన్నాయి. 2021 నవంబరులో భారీ వర్షాలు కురిశాయి. డిసెంబరు మొదట్లో రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు విరిగిపడి రాకపోకలు ఆగిపోయాయి. నెర్రెల్లో నీరు నిండి, కింది ఆధారం పోయి, పై దిమ్మె జారింది. ఆర్చెస్ పార్కులో వాల్ ఆర్చ్ అనే పేరున్న తోరణం 2008 ఆగస్టులో ఒక రాత్రి కూలిపోయింది. శిలాతోరణం చుట్టూ ఉన్న కంచె దాటవద్దనేది అందుకే. పైకెక్కి తొక్కితే ఊడిపోయే ముక్క ఏదో ముందే ఎవరూ చెప్పలేరు.

ఈసారి కొండెక్కేటప్పుడు కిటికీ దగ్గర కూర్చోండి. కింది మలుపుల్లో గుండ్రటి గ్రానైట్ బండలు, వాలుగా సాగే నేల కనిపిస్తాయి. కాస్త పైకి వెళ్లాక వాలు ఉన్నట్టుండి నిలువు గోడగా లేస్తుంది, గోడ నిండా అడ్డ చారలు మొదలవుతాయి. మీరు వెతుకుతున్న గీత ఆ గోడ అడుగున ఉంటుంది.